జర్మనీ వాళ్లతో కలిసి రాసిన పేపర్‌కి ఓపెన్ యాక్సెస్ ఫీజు 3,000 డాలర్లట, కట్టాలా?

ప్రశ్నలో నాలుగైదు సంగతులు కలిసిపోయాయి కాబట్టి, తర్వాత చదివేవాళ్ల కోసం ముందు క్లుప్తంగా చెప్పేస్తాను. అడిగినావిడ హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. నల్గొండ వైపు ఊళ్లలో బోరు నీళ్ల ఫ్లోరైడ్ మీద జర్మనీలోని ఒక ప్రభుత్వ యూనివర్సిటీ బృందంతో కలిసి పనిచేశారు. పేరున్న జర్నల్ ఒకటి పేపర్ తీసుకుంది, కానీ అందరికీ ఉచితంగా కనబడాలంటే 3,000 డాలర్లు కట్టమంది. కాలేజీ యాజమాన్యం చేతులెత్తేసింది. గోల్డ్ లోన్ పెట్టైనా కట్టేద్దామా అంటున్నారు. దాంతోపాటు, జర్నళ్లకు దేశమంతటికీ కలిపి కేంద్రమే చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం వచ్చాక కూడా ఈ ఓపెన్ గొడవ ఎందుకు, అంతర్జాతీయ సహకారం అంటూ చెప్పే కబుర్లు చిన్న కాలేజీల వాళ్లకు పనికొస్తాయా, డేటా బయటపెడితే ఎవరైనా ఎత్తుకుపోతారా అని కూడా అడిగారు.

అమ్మా, ముందు ఆ గోల్డ్ లోన్ ఆలోచన మానుకోండి. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

నేను ఇక్కడి ఒక యూనివర్సిటీ లైబ్రరీలో ఏళ్ల తరబడి జర్నళ్ల వ్యవహారం చూశాను, ఒకటి రెండు జర్నళ్ల ఎడిటింగ్ పని కూడా నెత్తిన వేసుకున్నాను. మన దగ్గర చాలామందికి ఓపెన్ యాక్సెస్ అంటే రచయిత డబ్బు కట్టడమే అన్న అభిప్రాయం పాతుకుపోయింది. పబ్లిషర్లకు అదే కావాలి. నిజానికి 2001 డిసెంబర్‌లో బుడాపెస్ట్‌లో కొంతమంది కూర్చుని మాట్లాడుకుని 2002 ఫిబ్రవరిలో ఓపెన్ యాక్సెస్ మీద ప్రకటన విడుదల చేసినప్పుడు, అందులో మొదట రాసిన దారి రచయితలు తమ పేపర్లను తామే రిపాజిటరీల్లో, అంటే ఎవరైనా ఉచితంగా చదువుకోగలిగే ఆన్‌లైన్ భాండాగారాల్లో, పెట్టుకోవడం. ఉచిత జర్నళ్లు రెండోది. 3,000 డాలర్ల బిల్లు ఆ తర్వాత వ్యాపారం కనిపెట్టిన సంగతి. నేచర్ లాంటి జర్నల్ అయితే 2021లో ఒక్క పేపర్‌కి 9,500 యూరోలు పెట్టింది, అంటే మన కాలేజీల్లో చాలామంది లెక్చరర్ల రెండేళ్ల జీతం.

ఇప్పుడు మీ పేపర్ సంగతి. మొదట తేల్చుకోవలసింది, ఆ జర్నల్ పూర్తిగా ఓపెనా, లేక చందా జర్నలే అయ్యుండి డబ్బు కట్టినవాళ్ల పేపర్లు మాత్రం తెరిచిపెట్టే రకమా అన్నది. 'కావాలంటే కట్టండి' అన్నారంటే రెండోదే అయ్యుంటుంది. అలాగైతే ఫీజు కట్టకుండా మామూలు దారిలోనే వేయమని చెప్పండి, పేపర్ ఏమీ ఆగిపోదు. పూర్తిగా ఓపెన్ జర్నల్ అయితే మాత్రం ఈ వెసులుబాటు ఉండదు. అప్పుడు మాఫీ అడగాలి, అదీ మామూలుగా పేపర్ పంపకముందే అడగవలసింది. మాఫీ దగ్గర మన దేశం పరిస్థితి చిత్రంగా ఉంటుంది: తలసరి ఆదాయం చూస్తే పేదవాళ్లం, మొత్తం ఆర్థిక వ్యవస్థ చూస్తే పెద్దవాళ్లం, అందుకని పేద దేశాలకు జర్నళ్లు ఉచితంగా ఇచ్చే రీసెర్చ్ ఫర్ లైఫ్ లాంటి పథకాల్లోనూ ఇండియా లేదు, చాలా పబ్లిషర్ల మాఫీ జాబితాల్లోనూ ఉండదు. అయినా అడగడంలో తప్పు లేదు, ఎడిటర్‌కి సూటిగా నాలుగు వాక్యాల మెయిల్ రాస్తే ఒక్కోసారి పని జరుగుతుంది.

రెండోది, కరెస్పాండింగ్ ఆథర్, అంటే జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపే రచయిత, ఎవరు? ఇది చాలామందికి తెలియదు. జర్మనీలో యూనివర్సిటీలూ పరిశోధన సంస్థలూ కలిసి ప్రాజెక్ట్ డీల్ పేరుతో పెద్ద పబ్లిషర్లతో ఒప్పందాలు చేసుకున్నాయి. 2019లో వైలీతో, 2020లో స్ప్రింగర్ నేచర్‌తో, 2023లో ఎల్సెవియర్‌తో. కరెస్పాండింగ్ ఆథర్ ఆ ఒప్పందంలో ఉన్న జర్మన్ సంస్థవాడైతే ఓపెన్ యాక్సెస్ ఖర్చు ఒప్పందం కిందికే వెళుతుంది, రచయిత జేబులోంచి రూపాయి తీయనక్కర్లేదు. అదే పేపర్, అవే పేర్లు, కరెస్పాండింగ్ ఆథర్ దగ్గర మీ కాలేజీ పేరుంటే మాత్రం బిల్లు మీకు వస్తుంది. యాక్సెప్ట్ అయ్యాక దాన్ని మార్చనివ్వరు, మార్చే ప్రయత్నం కూడా చేయకండి, అనుమానంగా చూస్తారు. తర్వాతి పేపర్‌కి ఈ సంగతి మొదట్లోనే మాట్లాడుకోండి. ఉచితం కదా అని ఆ స్థానాన్ని వదిలేసుకోమని మాత్రం నేను చెప్పను. మన ప్రమోషన్ల లెక్కల్లో దానికి విలువ ఉంది, పని ఎక్కువ మీరే చేసి పేరు వాళ్లకిచ్చేయడం అన్యాయం. పని ఎవరిది ఎక్కువో వాళ్లే ఉండాలి, ఒప్పందం అక్కరకొస్తే సంతోషం.

మూడోది మీకు ఇప్పుడే పనికొస్తుంది. జర్మనీ కాపీరైట్ చట్టంలో 2014 నుంచి ఒక నిబంధన ఉంది: పరిశోధన ప్రాజెక్టు నిధుల్లో కనీసం సగం ప్రభుత్వ సొమ్మైతే, ఏడాదికి రెండుసార్లైనా వెలువడే జర్నల్‌లో వచ్చిన పేపర్‌ని, పబ్లిష్ అయిన 12 నెలల తర్వాత, యాక్సెప్ట్ అయిన రూపంలో, వ్యాపారం కోసం కాకుండా, రచయిత జనానికి అందుబాటులో పెట్టుకోవచ్చు. పబ్లిషర్‌కి హక్కులన్నీ రాసిచ్చేసినా సరే ఆ హక్కు పోదు. మీ జర్మన్ ప్రొఫెసర్ని ఈ ముక్క అడగండి, వాళ్ల లైబ్రరీ వాళ్లకు దీని సంగతి కరతలామలకం. ఇక్కడ మనకు అలాంటి చట్టం లేదు. 2014 డిసెంబర్‌లో కేంద్ర బయోటెక్నాలజీ, శాస్త్ర సాంకేతిక విభాగాలు తమ నిధులతో రాసిన పేపర్లను రిపాజిటరీల్లో పెట్టాలని విధానం తెచ్చాయి గానీ, పెట్టకపోతే అడిగే నాథుడు లేడు.

యాక్సెప్ట్ అయిన రూపం అంటే ఏంటని మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. రివ్యూయర్లు చెప్పిన మార్పులన్నీ చేసి మీరు చివరిసారి పంపిన వర్డ్ ఫైలే అది. వరుసల మధ్య వెడల్పు ఖాళీ, ఎడమ అంచున వరుస నెంబర్లు, పటాలన్నీ ఆఖర్న ఒక్కచోట, చూడ్డానికి ఏమాత్రం అందంగా ఉండదు. కానీ సైన్స్ అంతా అందులోనే ఉంది. జర్నల్ లోగోతో, రెండు కాలమ్స్‌లో, పేజీ నెంబర్లతో ముస్తాబై వచ్చే పీడీఎఫ్ మాత్రం పబ్లిషర్‌ది, దాన్ని ఎక్కడా పెట్టకండి. మనవాళ్లు సరిగ్గా తిరగేసి చేస్తారు, వర్డ్ ఫైల్‌ని డిలీట్ చేసి ఆ ముస్తాబైన పీడీఎఫ్‌ని రీసెర్చ్‌గేట్‌లో, అంటే పరిశోధకులు పేపర్లు పంచుకునే వెబ్‌సైట్‌లో, పెడతారు. దీని మీదే పెద్ద పబ్లిషర్లు జర్మనీలో రీసెర్చ్‌గేట్ మీద కోర్టుకెక్కారు. ఏ జర్నల్ ఏ రూపాన్ని ఎన్ని నెలల తర్వాత పెట్టుకోనిస్తుందో జిస్క్ అనే బ్రిటిష్ సంస్థ వాళ్ల ఓపెన్ పాలసీ ఫైండర్ వెబ్‌సైట్‌లో జర్నల్ పేరు కొడితే వచ్చేస్తుంది. పాతవాళ్లకు షెర్పా రోమియో అంటే తెలుస్తుంది, దాని కొత్త పేరే ఇది. పేపర్ పంపకముందు రాసిన తొలి ప్రతిని, అంటే ప్రీప్రింట్‌ని, చాలా జర్నళ్లు ఎప్పుడైనా ఎక్కడైనా పెట్టుకోనిస్తాయి. ఫిజిక్స్ వాళ్లు 1991 నుంచి ఆర్కైవ్ అనే ప్రీప్రింట్ల వెబ్‌సైట్‌లో చేస్తున్నది ఇదే, వాళ్ల కొంపలేమీ మునగలేదు.

ఇప్పుడు వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్. 2024 నవంబర్‌లో కేంద్ర క్యాబినెట్ ఒప్పుకుంది, మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 మంది పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నళ్లు, 6,300 పైచిలుకు సంస్థలు. చదువుకునేవాళ్లకు మేలే, కాదనను. ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసే పిల్లవాడికి నిన్నటిదాకా దొరకనివి ఇవాళ దొరుకుతున్నాయి. కానీ అది చదవడానికి కట్టే చందా, ఓపెన్ యాక్సెస్ కాదు. డబ్బు ఆగితే తలుపు మూసుకుంటుంది. పైగా మొదటి దశలో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ సంస్థలకే వర్తిస్తుంది, మీ ప్రైవేటు కాలేజీ అందులో లేదు. అంటే మీ పేపర్ మీ కాలేజీ కంప్యూటర్లోనే తెరుచుకోదు. ఇంకో అడుగు ముందుకేసి చూడండి, నల్గొండలో తాగునీటి పథకం చూసే ఏఈకి అది కనబడుతుందా? మునుగోడులో ప్రైవేటుగా ప్రాక్టీసు చేసుకునే ఎముకల డాక్టరుకి? ఫ్లోరైడ్ తీసేయడానికి పటికా సున్నమూ వాడే పద్ధతిని నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేస్తే దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరు స్థిరపడింది, ఇథియోపియా, టాంజానియా దాకా వెళ్లింది. ఆ ఊరి పేరుతో ఉన్న విద్య ఆఫ్రికా దాకా వెళ్లొచ్చు గానీ, ఆ ఊరి నీళ్ల మీద రాసిన పేపర్ ఆ ఊళ్లో వాళ్లు చదవాలంటే 30, 40 డాలర్లు కట్టాలి. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

యూరప్‌లో పరిశోధనలకు నిధులిచ్చే సంస్థల వాళ్లు 2018లో ప్లాన్ ఎస్ అని మొదలుపెట్టి, మా నిధులతో చేసిన పని 2021 నుంచి వెంటనే అందరికీ ఉచితంగా కనబడాలన్నారు. మంచి పట్టుదలే. కానీ ఆచరణలో చందా డబ్బంతా ఫీజుల డబ్బుగా మారి మళ్లీ అదే పబ్లిషర్ల గల్లాపెట్టెలోకి వెళుతోంది, మధ్యలో మనలాంటి వాళ్లకు చదివే తలుపు తెరుచుకుని రాసే తలుపు మూసుకుంటోంది. మన ప్రభుత్వం కూడా 2019లో ప్లాన్ ఎస్‌లో చేరతామని కొన్నాళ్లు అని, చివరికి వెనక్కి తగ్గింది. తగ్గడం సరైందే అంటాను.

మనం చూడవలసింది బ్రెజిల్ వైపు. అక్కడ 1998లో సైలో అని మొదలైంది. ప్రభుత్వ నిధులతో ఒక ఉమ్మడి వేదిక కట్టి, దేశంలోని మంచి జర్నళ్లను ఎంచి అందులో పెట్టారు. పోర్చుగీసు, స్పానిష్ భాషల్లో రాసినా సరే. తర్వాత చిలీ, అర్జెంటీనా, మెక్సికో, దక్షిణాఫ్రికా, స్పెయిన్ ఒక్కొక్కటే చేరాయి, ఎవరి జర్నళ్లను వాళ్లే చూసుకుంటారు, వేదిక, నియమాలు మాత్రం ఉమ్మడివి. అక్కడ చాలా జర్నళ్లలో చదివేవాడూ కట్టడు, రాసేవాడూ కట్టడు, యూనివర్సిటీలే భరిస్తాయి. ఈ రకాన్ని ఇప్పుడు డైమండ్ ఓపెన్ యాక్సెస్ అంటున్నారు. 2021లో వచ్చిన ఒక అధ్యయనం ప్రపంచంలో ఇలాంటి జర్నళ్లు 17,000 నుంచి 29,000 దాకా ఉండొచ్చని అంచనా కట్టింది. వీటి కోసమే 2023లో మెక్సికోలోని తొలూకాలో, 2024లో కేప్ టౌన్‌లో ప్రపంచ స్థాయి సదస్సులు జరిగాయి. మన దగ్గర కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్ఐఆర్ జర్నళ్లు చాలావరకు ఎప్పట్నుంచో ఈ పద్ధతిలోనే ఉన్నాయి, కాకపోతే డైమండ్ అని చెప్పుకోవడం మనకు చేతకాలేదు. హై ఎనర్జీ ఫిజిక్స్ వాళ్లది ఇంకో తెలివి. జెనీవా దగ్గరున్న సెర్న్ పరిశోధన కేంద్రం నాయకత్వంలో 2014 నుంచి స్కోప్ త్రీ పేరుతో అనేక దేశాల లైబ్రరీలు చందా సొమ్మును ఒకచోట పోగేసి నేరుగా పబ్లిషర్లకు కట్టి ఆ రంగంలోని జర్నళ్లను తెరిపించేశాయి. రచయితకు బిల్లే రాదు. ఇది ఊరందరూ చందాలేసుకుని చెరువు పూడిక తీయించడం లాంటిది, తర్వాత ఎవరు ఎన్ని బిందెలు ముంచుకున్నా లెక్కడగరు.

పెద్దవాళ్లకే ఇవన్నీ అన్నారు. మన ఊళ్లోనే చూడండి. ప్రగతినగర్‌లో సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉంది కదా, సునామీ హెచ్చరికలప్పుడు పేపర్లో పేరు వస్తుంది. ఆర్గో అనే అంతర్జాతీయ కార్యక్రమంలో హిందూ మహాసముద్రం డేటా చూసే ప్రాంతీయ కేంద్రం అదే. సముద్రాల్లో దాదాపు 4,000 తేలే యంత్రాలు ఉంటాయి. ఒక్కొక్కటి వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకోసారి రెండు వేల మీటర్ల దాకా దిగి, అక్కడ్నుంచి పైకొస్తూ ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలుచుకుని, ఉపగ్రహానికి పంపి మళ్లీ మునిగిపోతుంది. యంత్రం ఏ దేశం కొన్నా ఆ అంకెలు 24 గంటల్లోపు ప్రపంచమంతా ఉచితంగా తీసుకోవచ్చు. మీ కాలేజీ బీఎస్సీ పిల్లలు ఇవాళ సాయంత్రం కూర్చుని బంగాళాఖాతం అంకెలు దించుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. పటాన్‌చెరులో అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 2009లోనే తన శాస్త్రవేత్తల పేపర్లన్నీ సొంత రిపాజిటరీలో పెట్టాలని నియమం పెట్టుకుంది. కంది జన్యుక్రమం, తర్వాత శనగ జన్యుక్రమం వాళ్ల నాయకత్వంలోనే పలు దేశాల బృందాలు కలిసి తేల్చాయి. హైదరాబాద్‌లోనే ఆఫీసున్న, పరిశోధనలకు నిధులిచ్చే డీబీటీ వెల్‌కమ్ ట్రస్ట్ ఇండియా అలయన్స్ కూడా తమ నిధులతో చేసిన పని ఉచితంగా చదవగలిగేలా ఉండాలంటుంది. 2021 నవంబర్‌లో యునెస్కో ఓపెన్ సైన్స్ మీద సిఫారసు ఆమోదించినప్పుడు సభ్యదేశాల్లో మనమూ ఉన్నాం. దాంట్లో స్థానిక భాషల ప్రస్తావన కూడా ఉంది, అందుకే మీరు పేపర్‌తోపాటు రెండు పేజీల తెలుగు సారాంశం కూడా పెడితే బాగుంటుందని నా కోరిక.

ఒక జాగ్రత్త. మీ మెయిల్‌కి 'గౌరవనీయులైన ప్రొఫెసర్ గారూ, మీ అమూల్యమైన వ్యాసం 72 గంటల్లో ప్రచురిస్తాం' అని వస్తూనే ఉంటాయి, ఇంటర్నేషనల్ అన్న మాట పేరులో తప్పకుండా ఉంటుంది. ఓపెన్ యాక్సెస్‌కి మన దగ్గర చెడ్డపేరు తెచ్చినవాళ్లు వీళ్లే. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక పబ్లిషర్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేస్తే 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది, అది మనకేం గర్వకారణం కాదు. నమ్మదగిన జర్నళ్లు ఇవీ అని చెప్పే యూజీసీ కేర్ లిస్టు కూడా 2025లో ఎత్తేశారు కాబట్టి ఇకమీదట మంచిచెడ్డలు మనమే చూసుకోవాలి. ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల ఆన్‌లైన్ జాబితా డీఓఏజేలో ఉందో లేదో చూడండి, ఎడిటోరియల్ బోర్డులో ఒకరిద్దరికి మెయిల్ పెట్టి నిజంగా ఉన్నారా అని అడగండి. సగం బోగస్ జర్నళ్లు అక్కడే దొరికిపోతాయి.

ఇక డేటా ఎత్తుకుపోతారన్న భయం. జెనోడో అనే ఆన్‌లైన్ రిపాజిటరీలో పెట్టండి. సెర్న్ వాళ్లు 2013 నుంచి నడుపుతున్నారు, ఉచితం, ఒక్కో రికార్డుకి 50 జీబీ దాకా పడుతుంది, మీ ఎక్సెల్ షీటుకి అది సముద్రమంత. పెట్టిన క్షణంలో తారీఖుతో డీఓఐ అనే శాశ్వత గుర్తింపు సంఖ్య వస్తుంది, ఆ అంకెలు ఫలానా రోజున మీవని ప్రపంచానికంతా తెలుస్తుంది. ఎత్తుకుపోయేది పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న డేటానే, ఎవరు ముందో చెప్పే సాక్ష్యం ఉండదు కాబట్టి. తేదీ ముందు కావాలి గానీ పేపర్ వచ్చేదాకా ఫైళ్లు కనబడకూడదు అనుకుంటే వాటిని మూసి ఉంచే ఏర్పాటు కూడా ఉంది. సీసీ బై లైసెన్స్ పెడితే వాడుకున్నవాళ్లు మీ పేరు చెప్పక తప్పదు.

పెట్టేముందు షీటుని ఒకసారి శుభ్రం చేయండి. ఊరు, మండలం, బోరు లోతు, నమూనా తీసిన తేదీ, లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పరికరంతో కొలిచారు, ఇవి ఒక్కో కాలమ్‌లో ఉండాలి. ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటినవాటికి ఎర్రరంగు పూయడం మనవాళ్ల అలవాటు, రంగులు వేరే సాఫ్ట్‌వేర్‌లో పోతాయి, దానికి విడిగా ఒక కాలమ్ పెట్టండి. బోరు యజమాని పేరు, ఫోన్ నంబరు తీసేయండి. ఇంటి బోరు అయితే జీపీఎస్ అంకెల్లో చివరి రెండు మూడు స్థానాలు కుదించండి, రేపు ఎవరో ఆ ఇంటి స్థలం ధర తగ్గించడానికి మీ షీటు చూపించకూడదు. నీళ్లతో పాటు పిల్లల పళ్లు, మూత్రం నమూనాలు కూడా తీసి ఉంటే కథ వేరు: ఆరోగ్య పరిశోధనలో విదేశీ భాగస్వామ్యం ఉంటే ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కావాలి, ఎథిక్స్ కమిటీ కాగితం, సమ్మతి పత్రంలో డేటా పంచుకుంటామన్న వాక్యం ఉండాలి. అవి లేకపోతే ఆ భాగాన్ని బయటపెట్టకండి, నీళ్ల అంకెలు మాత్రం పెట్టండి.

జర్మన్ ప్రొఫెసర్‌కి ఈ వారమే మెయిల్ పంపండి. మూడే అడగండి: కరెస్పాండింగ్ ఆథర్ ఆయనే అయ్యుంటే డీల్ ఒప్పందం వర్తిస్తుందా, 12 నెలల తర్వాత ఆ వర్డ్ ఫైల్‌ని వాళ్ల యూనివర్సిటీ రిపాజిటరీలో పెడతారా, డేటా జెనోడోలో పెట్టడానికి వాళ్లకేమైనా అభ్యంతరమా. ఈలోగా జర్నల్ నుంచి కాపీరైట్ ఫామ్ వస్తే తొందరపడి సంతకం పెట్టకండి. దాంట్లో రచయిత తన వెర్షన్ ఎక్కడ పెట్టుకోవచ్చో చెప్పే పేరా ఒకటి ఉంటుంది, అది ఇక్కడ టైప్ చేయండి, చూసి చెబుతాను.